తుపాకీ పేలాక చేతి మీద ఏం మిగులుతుంది? జీఎస్ఆర్ (గన్‌షాట్ రెసిడ్యూ, అంటే తుపాకీ పేలుడు అవశేషాల) పరీక్షకు సమగ్ర మార్గదర్శి

కాల్పుల కేసు రాగానే స్టేషన్‌లో మొదట వినిపించే మాట "పేల్చింది వీడేనా?" నమూనాలతో పాటు ల్యాబ్‌కు పంపే లేఖలోనూ చాలాసార్లు ఇదే ప్రశ్న ఉంటుంది. ఈ ప్రశ్నకు ల్యాబ్ జవాబు చెప్పలేదు. "ఇతని చేతి నుంచి తీసిన నమూనాలో తుపాకీ ప్రైమర్ (తూటా అడుగున ఉండి, దెబ్బకు పేలే మందు) నుంచి పుట్టే రకం రేణువులు ఉన్నాయా?" అని అడిగితే మాత్రం చాలా గట్టిగా చెప్పగలదు. ఈ రెండు ప్రశ్నలూ ఒకటే అనుకున్నప్పుడు నిర్దోషి జైలుకు వెళ్లిన సందర్భం ఉంది. దాని గురించి కింద వివరంగా రాశాను.

ఈ వ్యాసం ఫోరెన్సిక్ విద్యార్థులకు, క్లూస్ టీముల్లో కొత్తగా చేరినవారికి, ఎస్సైలకు, క్రిమినల్ కేసులు చూసే లాయర్లకు ఉపయోగపడుతుంది. నమూనా తీసే చోటు గురించే ఎక్కువ రాశాను. ల్యాబ్‌లో ఎంత ఖరీదైన మైక్రోస్కోప్ ఉన్నా, చేతి మీద నుంచి రాలిపోయినదాన్ని అది వెనక్కి తేలేదు.

పేలినప్పుడు పుట్టేది

ట్రిగ్గర్ నొక్కితే ఫైరింగ్ పిన్ వెళ్లి తూటా అడుగున ఉన్న ప్రైమర్‌ను కొడుతుంది. మామూలు ప్రైమర్‌లో ముఖ్యంగా మూడు పదార్థాలు ఉంటాయి. దెబ్బకు పేలే లెడ్ స్టిఫ్నేట్, ఆక్సిజన్ అందించే బేరియం నైట్రేట్, ఇంధనంగా మండే యాంటిమొనీ సల్ఫైడ్. పేలుడు వేడికి ఈ లోహాలు ఆవిరై, మరుక్షణమే చల్లబడి, చిన్న చిన్న బిందువులుగా గడ్డకడతాయి. అందుకే ఈ రేణువులు చాలావరకు గుండ్రంగా ఉంటాయి. ఎక్కువ భాగం 0.5 నుంచి 10 మైక్రాన్ల లోపే. తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు కాబట్టి వీటిని కంటితో చూడటం కుదరదు.

సీసం, బేరియం, యాంటిమొనీ మూడూ ఒకే రేణువులో కలిసి కరిగి ఉండటమే ఈ పరీక్షకు ఆధారం. విడివిడిగా చూస్తే ఈ లోహాలు మన చుట్టూ చాలాచోట్ల ఉన్నాయి. సీసం బ్యాటరీల్లో, పాత పెయింట్లలో ఉంటుంది. బేరియం పెయింట్లలో, కాగితంలో కూడా దొరుకుతుంది.

ఈ రేణువులున్న పొగ తుపాకీ గొట్టం మూతి నుంచి ముందుకే పోతుందనుకుంటే పొరపాటు. రివాల్వర్‌లో సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య ఉన్న సందులోంచి, పిస్టల్‌లో ఖాళీ తూటా బయటకు ఎగిరే కిటికీలోంచి పక్కలకూ వెనక్కీ కూడా వస్తుంది. పట్టుకున్న చేతి వెనకవైపు, ముఖ్యంగా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే చర్మం మీద పడుతుంది. దీనితో పాటు కాలీకాలని గన్‌పౌడర్ కణాలు, అందులోని నైట్రోగ్లిజరిన్, డైఫినైలమిన్ వంటి సేంద్రియ పదార్థాలు, తూటా నుంచి రాలే సీసం, రాగి కూడా ఉంటాయి.

మొదటి మెట్టు: గడియారం

ఈ రేణువులు చర్మానికి అంటుకుని ఉండవు, ఊరికే దాని మీద కూర్చుని ఉంటాయి. చేతులు కడిగినా, జేబులో పెట్టినా, ప్యాంటుకు తుడుచుకున్నా, టెన్షన్‌లో ఒకదానితో ఒకటి రుద్దుకున్నా రాలిపోతాయి. బతికి తిరుగుతున్న మనిషి చేతి మీద మొదటి ఒకటి రెండు గంటల్లోనే చాలా భాగం పోతుంది. 4 నుంచి 6 గంటలు దాటితే చేతుల మీద దొరికే అవకాశం బాగా తగ్గిపోతుంది. అందుకే చాలా ల్యాబ్‌లు ఇంత సమయం లోపల తీసిన నమూనాలనే తీసుకుంటామని నియమం పెట్టుకుంటాయి.

అందుకని అనుమానితుడు దొరికిన వెంటనే చేయాల్సిన పని నమూనా తీయడమే. విచారణ, టీ, బాత్రూమ్, వేలిముద్రలు అన్నీ ఆ తర్వాతే. వేలిముద్రల సిరా పూస్తే రేణువులు దాని కింద పడతాయి, తర్వాత సిరా తుడిచేటప్పుడు దానితో పాటే పోతాయి.

వెంటనే తీసే వీలు లేకపోతే రెండు చేతులకూ కొత్త కాగితపు సంచులు తొడిగి, మణికట్టు దగ్గర టేపు వేయండి. ప్లాస్టిక్ కవర్ వద్దు. లోపల చెమట పట్టి రేణువులు కొట్టుకుపోతాయి.

అతన్ని ఏ జీపులో ఎక్కించారు, పక్కన ఎవరు కూర్చున్నారు, ఏ బేడీలు వేశారు అన్నది కూడా రాసి పెట్టాలి. ఆయుధాలతో తిరిగే సిబ్బంది వాడే బండి సీటు మీద, బేడీల మీద ఈ రేణువులు ఉండే అవకాశం ఉంది. అవి అతని చేతికి అంటితే, రిపోర్టులో ఆ తేడా కనిపించదు.

రెండో మెట్టు: నమూనా ఎవరు తీయాలి

ఆ రోజు తుపాకీ ముట్టుకున్నవారు తీయకూడదు. నడుముకు పిస్టల్ ఉన్న అధికారి కూడా వద్దు. ఘటనా స్థలంలో ఆయుధాన్ని, ఖాళీ తూటాలను సీజ్ చేసిన వ్యక్తి, చేతుల నమూనా తీసే వ్యక్తి వేర్వేరుగా ఉండాలి. టీములో ఇద్దరే ఉన్నా ఈ పనులు పంచుకోవచ్చు. తీసేవారు సబ్బుతో చేతులు కడుక్కుని, ఆరబెట్టుకుని, కొత్త గ్లవ్స్ వేసుకోవాలి. మనిషి మారితే గ్లవ్స్ మార్చాలి. ఆయుధాలు ఉంచే గదిలో, ఫైరింగ్ రేంజ్ దగ్గర ఈ పని పెట్టుకోవద్దు.

మూడో మెట్టు: స్టబ్‌తో అద్దడం

కిట్‌లో ఉండే స్టబ్ 12.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న అల్యూమినియం బిళ్ల. దాని ముఖం మీద రెండువైపులా అంటుకునే కార్బన్ టేపు ఉంటుంది. ఒక్కో స్టబ్ మూతతో సహా ఒక్కో చిన్న డబ్బాలో వస్తుంది. ఒక మనిషికి నాలుగు స్టబ్‌లు కావాలి. కుడి చేతి వెనకవైపు, కుడి అరచేయి, ఎడమ చేతి వెనకవైపు, ఎడమ అరచేయి. ఐదోది బ్లాంక్. దాన్ని అదే చోట మూత తీసి, ఎవరినీ తాకకుండా కాసేపు ఉంచి, మళ్లీ మూసేస్తారు. గాలిలోంచో గ్లవ్స్ నుంచో రేణువులు వచ్చి పడుతుంటే ఈ బ్లాంకే ఆ సంగతి బయటపెడుతుంది. కిట్లు తక్కువ ఉన్నాయని కొందరు బ్లాంక్ ఎగ్గొడతారు. నా దృష్టిలో కేసుకు ఇంతకంటే పెద్ద నష్టం లేదు. రేపు కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్‌లో డిఫెన్స్ లాయర్ మొదట అడిగేది దాని గురించే.

అద్దే పద్ధతి ఇది. అతని చెయ్యి మీ వైపు చాచమనండి. మీరు పట్టుకోవాల్సి వస్తే మణికట్టుకు పైన పట్టుకోండి. అప్పుడే మూత తీసి, టేపు ముఖాన్ని దేనికీ తగలనీయకుండా, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం మీద నిలువుగా అద్ది ఎత్తండి. కొంచెం జరిపి మళ్లీ అద్దండి. అక్కడి నుంచి బొటనవేలి పైభాగం, చూపుడువేలి పైభాగం, ఆ తర్వాత మిగతా చేతి వెనకవైపు అంతా. రుద్దకూడదు, దొర్లించకూడదు. రుద్దితే రేణువులు చర్మం ముడతల్లోకి పోతాయి, టేపు మీద చర్మం పొట్టు పేరుకుంటుంది. ఒక్కో స్టబ్‌తో 50 సార్ల దాకా, లేదా టేపు జిగురు తగ్గిందని తెలిసే వరకు అద్దవచ్చు. జిగురు పోయాక అద్దినా లాభం లేదు. వెంటనే మూత పెట్టి, ఆ డబ్బా మీద అప్పటికప్పుడే రాయండి. నాలుగూ అయ్యాక ఒకేసారి రాద్దామనుకుంటే కుడి ఎడమలు తారుమారవుతాయి.

రక్తం అంటిన చోటు వదిలేసి పక్కన అద్దండి. రక్తం ఎండి పొరగా మారితే కింద ఉన్న రేణువులు మైక్రోస్కోప్‌కు కనిపించవు. వదిలేసినట్టు నోట్‌లో రాయండి.

ఇదే సమయంలో నింపాల్సిన వివరాలు: కాల్పులు జరిగాయంటున్న సమయం, నమూనా తీసిన సమయం, మధ్యలో చేతులు కడిగాడా, కుడిచేతి వాటమా ఎడమచేతి వాటమా, అతని వృత్తి, ఈ మధ్య తుపాకీ ముట్టుకున్నాడా, బాణసంచా కాల్చాడా. వృత్తి కాలమ్ ఖాళీగా వదిలేయొద్దు. బ్రేకులు బాగుచేసే మెకానిక్, బ్యాటరీ షాపులో పనివాడు, వెల్డర్ అయితే ల్యాబ్ ఆ ఫలితాన్ని చూసే తీరే మారుతుంది.

స్టబ్‌లు లేని చోట పలచటి నైట్రిక్ ఆమ్లంలో తడిపిన దూదితో చేతులు తుడిచి పంపే పద్ధతి ఉంది. దాన్ని అటామిక్ అబ్సార్ప్షన్ లాంటి, లోహాల మొత్తాన్ని కొలిచే పరికరంలో పెడితే ఎంత సీసం, ఎంత బేరియం, ఎంత యాంటిమొనీ ఉన్నాయో తెలుస్తుంది. అవి మూడూ ఒకే రేణువులో ఉన్నాయా, మూడు వేర్వేరు చోట్ల నుంచి వచ్చాయా అన్నది తెలియదు. రెండూ చేయక తప్పకపోతే ముందు స్టబ్, తర్వాతే దూది.

మృతదేహం, బట్టలు, బండి

మృతదేహం కదలదు కాబట్టి చేతుల మీద అవశేషాలు ఎక్కువసేపు నిలుస్తాయి. అక్కడే తీయగలిగితే తీయండి. లేకపోతే శవాన్ని కదిలించకముందే చేతులకు కాగితపు సంచులు కట్టండి. మార్చురీ ఫ్రిజ్‌లోంచి బయటకు తీసినప్పుడు చల్లటి చర్మం మీద తేమ పడుతుంది. అందుకే ఫ్రిజ్‌లో పెట్టకముందు తీయడం మంచిది. పోస్టుమార్టంలో శరీరం కడగకముందు, వేలిముద్రలు తీయకముందు ఇది అయిపోవాలి. ఒక హెచ్చరిక. మృతుడి చేతి మీద రేణువులు దొరికినంత మాత్రాన ఆత్మహత్య అని రాయొద్దు. దగ్గరి నుంచి ఎవరో కాల్చినా, చెయ్యి అడ్డం పెట్టినా అవి పడతాయి.

అరెస్టు ఆలస్యమైతే బట్టలే ఆధారం. కదిలించని బట్టల మీద రేణువులు రోజుల తరబడి ఉంటాయి. చొక్కా చేతుల చివర్లు, ప్యాంటు జేబుల లోపలి గుడ్డ ముఖ్యం. తుపాకీ దాచుకున్న జేబు, కాల్చిన చెయ్యి పెట్టుకున్న జేబు చాలా విషయాలు చెబుతాయి. బట్టలు దులపొద్దు. రక్తంతో తడిగా ఉంటే నీడలో ఆరబెట్టి, మడతల మధ్య శుభ్రమైన కాగితం పెట్టి, ఒక్కో బట్టను ఒక్కో కాగితపు సంచిలో వేయండి. తుపాకీని, చొక్కాను ఒకే పెట్టెలో పెట్టి పంపితే ఆ చొక్కా మీద దొరికిన రేణువుకు విలువే ఉండదు.

కాగితాలు, చట్టం

2024 జులై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 176(3) సెక్షన్ ప్రకారం, ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలి, ఆ ప్రక్రియను వీడియో తీయించాలి. దీన్ని అమల్లోకి తేవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువు ఉంది. సోదా, స్వాధీనం ప్రక్రియ ఆడియో వీడియో రికార్డింగ్ 105వ సెక్షన్‌లో ఉంది. నిందితుణ్ణి వైద్యుడి చేత పరీక్ష చేయించడం, నమూనాలు తీయించడం 51వ సెక్షన్ కిందకు వస్తాయి. నిందితుడి నుంచి భౌతిక ఆధారం తీసుకుంటే తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పినట్టు కాదని 1961లో కథీ కాలూ ఓఘడ్ కేసులో 11 మంది సుప్రీంకోర్టు జడ్జీల ధర్మాసనం తేల్చింది. ఆ కేసు వేలిముద్రలు, చేతిరాత గురించినది. చేతి మీది రేణువులకూ అదే సూత్రాన్ని చూపుతారు.

పంచనామాలో ప్రతి స్టబ్‌కు వేరే నంబరు, సీలు, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో సంతకాలతో సహా ఉండాలి. స్టబ్‌లతో పాటు, దొరికితే ఆయుధం, ఖాళీ తూటాలు, పేలని తూటాలు విడి ప్యాకింగ్‌లో పంపండి. ఆ తూటా ప్రైమర్‌లో ఏముందో తెలిస్తే చేతి మీది రేణువుతో పోల్చి చూడవచ్చు.

ల్యాబ్‌లో జరిగేది

ఈ రోజు ప్రామాణిక పద్ధతి స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌కు ఎక్స్‌రే డిటెక్టర్ జోడించి చూడటం. దీనికి ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ ఇచ్చిన ఈ1588 అనే ప్రమాణం ఉంది. స్టబ్‌ను నేరుగా మైక్రోస్కోప్ లోపల పెడతారు. ఎలక్ట్రాన్ కిరణం స్టబ్ మొత్తాన్ని గడి గడిగా తుడుస్తూ పోతుంది. బరువైన మూలకాలు ఎలక్ట్రాన్లను ఎక్కువగా వెనక్కి కొడతాయి కాబట్టి సీసం, బేరియం ఉన్న రేణువు తెరమీద తెల్లగా మెరుస్తుంది. చర్మం పొట్టు, దుమ్ము మసకగా ఉండిపోతాయి. అలా మెరిసిన ప్రతి రేణువు దగ్గరా సాఫ్ట్‌వేర్ ఆగి, అందులోంచి వచ్చే ఎక్స్‌రేలను కొలిచి, ఏ మూలకాలున్నాయో రాసుకుంటుంది. ఒక్క స్టబ్‌కే గంటల సమయం పడుతుంది.

తర్వాత మనిషి కూర్చుని చేసే పని చాలా ముఖ్యం. యంత్రం ఇచ్చిన జాబితాను నమ్మేసి రిపోర్టు రాయకూడదు. ప్రతి ముఖ్యమైన రేణువు దగ్గరికీ తిరిగి వెళ్లి, ఆకారం చూసి, స్పెక్ట్రం (ఏ మూలకం ఎక్స్‌రే గీత ఏ శక్తి దగ్గర వచ్చిందో చూపే పటం) మళ్లీ తీయాలి. బేరియం ముఖ్య గీత 4.47 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర వస్తుంది. టైటానియం గీత 4.51 దగ్గర. రెండూ దాదాపు ఒకదాని మీద ఒకటి పడతాయి. టైటానియం తెల్ల పెయింట్లలో విరివిగా ఉంటుంది. బేరియం అయితే పక్కన 4.83 దగ్గర మరో గీత కూడా తోడుంటుంది, దాన్ని చూసి తేల్చాలి. ఇలాగే సీసం ఎం గీత 2.34 దగ్గర, సల్ఫర్ గీత 2.31 దగ్గర కలిసిపోతాయి. అప్పుడు సీసానిదే అయిన 10.55 దగ్గరి గీత ఉందో లేదో చూడాలి. యాంటిమొనీ గీత 3.60 దగ్గర వస్తుంది. అక్కడ 3.69 దగ్గర కాల్షియం అడ్డుపడుతుంది. సీనియర్ పరీక్షకుడి కన్ను ఆగేది ఇలాంటి చోట్లే.

మూడు లోహాలూ ఉండి, కరిగి గడ్డకట్టిన ఆకారం ఉన్న రేణువును తుపాకీ అవశేషానికి "విలక్షణమైనది" అంటారు. రెండు లోహాలే ఉంటే "పొసగేది" మాత్రమే. అలాంటిది ఇతర చోట్ల నుంచి కూడా రావచ్చు.

పాత పరీక్షల గురించి క్లుప్తంగా చెబుతాను. 1933లో మెక్సికో సిటీ పోలీసు ల్యాబ్‌కు చెందిన తియొడోరో గొంజాలెజ్ అమెరికాకు పరిచయం చేసిన పారాఫిన్ పరీక్షలో, కరిగించిన మైనంతో చేతి అచ్చు తీసి డైఫినైలమిన్ చల్లేవారు. నీలి రంగు వస్తే పాజిటివ్ అనేవారు. కానీ ఎరువు, పొగాకు, మూత్రం తగిలినా ఆ రంగే వస్తుంది. 1963లో అమెరికా అధ్యక్షుడు కెన్నడీ హత్య తర్వాత, ఆ కేసు నిందితుడు ఓస్వాల్డ్‌కు చేసినదీ ఇదే. చేతులు పాజిటివ్, కుడి చెంప నెగటివ్ వచ్చాయి. ఈ పరీక్ష నమ్మదగినది కాదని ఆ హత్యపై విచారణ జరిపిన వారెన్ కమిషనే చెప్పింది. 1959లో హారిసన్, గిల్‌రాయ్ అనే పరిశోధకులు రంగు పరీక్షను లోహాల వైపు తిప్పారు. 1970లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ వచ్చాక రేణువును రేణువుగా చూడటం మొదలైంది.

మూడు లోహాలూ దొరకని తుపాకీలు

మన దగ్గర ఇది తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి. అటవీ ప్రాంతాల్లో వేటకు వాడే మూతి నుంచి మందు దట్టించే నాటు తుపాకీలో ఉండేది బ్లాక్ పౌడర్ అనే నల్లటి తుపాకీ మందు. అంటే పొటాషియం నైట్రేట్, బొగ్గు, గంధకం. దాని అవశేషంలో పొటాషియం, సల్ఫర్ ప్రధానంగా కనిపిస్తాయి. ఫ్యాక్టరీ తూటా కోసం రాసిన నియమంతో దాన్ని వెతికితే యంత్రం నెగటివ్ అంటుంది. అందుకే ఏ రకం ఆయుధమో ల్యాబ్‌కు ముందే చెప్పాలి. ఇక సీసం లేని ప్రైమర్లు వాడే తూటాలూ ఉన్నాయి. జర్మన్ కంపెనీ డైనమిట్ నోబెల్ తెచ్చిన సింటాక్స్ ప్రైమర్‌లో టైటానియం, జింక్ ఉంటాయి. ఇలాంటి కేసుల్లో ఖాళీ తూటా లోపలి మసిని ముందు పరీక్షించి, అందులో దొరికినదాన్నే చేతుల మీద వెతకాలి. నైట్రోగ్లిజరిన్, డైఫినైలమిన్ వంటి సేంద్రియ పదార్థాలను మాస్ స్పెక్ట్రోమెట్రీతో (అణువుల బరువును బట్టి పదార్థాన్ని గుర్తించే పద్ధతితో) చూడటం కూడా ఇక్కడ తోడ్పడుతుంది.

ఎంత దూరం నుంచి కాల్చారు

ఈ ప్రశ్నకు చేతులు కాదు, బాధితుడి బట్టలూ గాయమూ జవాబిస్తాయి. గొట్టం ఆనించి కాల్చితే మసి గాయం లోపలికి పోతుంది, చర్మం మీద మూతి అచ్చు కూడా పడవచ్చు. చిన్న ఆయుధాలతో సుమారు 15 నుంచి 30 సెంటీమీటర్ల దాకా మసి కనిపిస్తుంది. కాలని గన్‌పౌడర్ గుచ్చుకున్న చుక్కలు ఇంచుమించు 60 నుంచి 90 సెంటీమీటర్ల దాకా ఉంటాయి. ఇవి ఆయుధాన్ని బట్టి, తూటాను బట్టి మారతాయి కాబట్టి ఈ అంకెలను నేరుగా కేసులో వాడకూడదు. అదే ఆయుధంతో, అదే రకం తూటాలతో వేర్వేరు దూరాల నుంచి గుడ్డ మీద కాల్చి, ఆ మచ్చలను బాధితుడి చొక్కా మీది మచ్చతో పోల్చాలి.

ముదురు రంగు చొక్కా అయితే మసి కంటికి ఆనదు. ముందు ఇన్‌ఫ్రారెడ్ ఫొటో తీస్తారు. తర్వాత మార్పు చేసిన గ్రీస్ (Griess) పరీక్ష అనే రసాయన పరీక్ష. దీనితో నైట్రైట్లు ఉన్న చోట నారింజ రంగు చుక్కలు వస్తాయి. చివరగా సోడియం రోడిజొనేట్ చల్లితే సీసం ఉన్న చోట గులాబీ ఎరుపు వస్తుంది, దాని మీద పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం పడితే అది నీలి ఊదాగా మారుతుంది. సీసం అని ఖాయపడేది ఆ రెండో రంగుతోనే. వరస మార్చొద్దు, గ్రీస్ ముందు, రోడిజొనేట్ తర్వాత.

ఫలితానికి అర్థం చెప్పడం

1999 ఏప్రిల్ 26న లండన్‌లో టీవీ వ్యాఖ్యాత జిల్ డాండోను ఆమె ఇంటి గుమ్మం దగ్గరే కాల్చి చంపారు. దాదాపు ఏడాది తర్వాత బ్యారీ జార్జ్ అనే వ్యక్తి కోటును సీజ్ చేస్తే, లోపలి జేబులో ఒకే ఒక్క అవశేష రేణువు దొరికింది. 2001లో అతనికి యావజ్జీవ శిక్ష పడింది. కేసులో ఆ రేణువుకు చాలా బరువు ఇచ్చారు. తర్వాత నిపుణులు ప్రశ్నను సరిగ్గా అడిగారు. ఇతనే కాల్చి ఉంటే ఏడాది తర్వాత ఒక రేణువు దొరికే అవకాశం ఎంత? అసలు కాల్చకపోయినా ఎక్కడి నుంచో అంటి దొరికే అవకాశం ఎంత? రెండూ ఇంచుమించు సమానమేనని తేలింది. అంటే ఆ రేణువు ఏ వైపూ మొగ్గదు. 2007 నవంబర్‌లో అప్పీలు కోర్టు శిక్ష రద్దు చేసింది. 2008 ఆగస్టులో మళ్లీ జరిగిన విచారణలో అతను నిర్దోషిగా బయటికొచ్చాడు. మధ్యలో ఏళ్ల తరబడి జైల్లో ఉన్నాడు. ఈ రంగంలో పనిచేసే ప్రతివారూ ఈ కేసు చదివి తీరాలి.

మన వీధుల్లో దీపావళి రోజులకు ఇదే ప్రశ్న వర్తిస్తుంది. కాకరపువ్వొత్తుల్లో, చిచ్చుబుడ్లలో బేరియం నైట్రేట్ వాడకం పాత అలవాటు. బాణసంచాలో బేరియం లవణాలు వాడొద్దని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది, 2021లో మరోసారి గట్టిగా చెప్పింది. బాణసంచా రేణువుల పక్కన సాధారణంగా అల్యూమినియం, మెగ్నీషియం, పొటాషియం, క్లోరిన్, స్ట్రాన్షియం ఉంటాయి. అందుకే ఒక్క రేణువును పట్టుకుని తేల్చకుండా, స్టబ్ మీద మిగతా రేణువులు ఏమంటున్నాయో కూడా చూడాలి. కొన్ని బ్రేక్ లైనింగ్‌ల నుంచి ఈ మూడు లోహాలున్న రేణువులు వచ్చినట్టు పరిశోధనల్లో తేలింది. వాటిలో ఇనుము ఎక్కువగా ఉంటుంది, ఆకారం కరిగిన బిందువులా ఉండదు.

రిపోర్టులో రాయాల్సిన మాటలు

పాజిటివ్ అయితే ఇలా రాయవచ్చు: "కుడి చేతి వెనకవైపు నుంచి తీసిన స్టబ్‌పై తుపాకీ ప్రైమర్ అవశేషాలకు విలక్షణమైన రేణువులు ఇన్ని కనుగొనబడ్డాయి. ఆ వ్యక్తి ఆయుధం పేల్చి ఉండవచ్చు, పేలినప్పుడు దగ్గర్లో ఉండవచ్చు, లేదా అవశేషాలున్న వస్తువును తాకి ఉండవచ్చు." సంఖ్య తప్పకుండా రాయండి. రెండు రేణువులకూ నలభైకీ తేడా ఉంది. బ్లాంక్ ఫలితం కూడా రాయండి.

నెగటివ్ అయితే "ఇతను పేల్చలేదు" అని రాయకూడదు. "పరీక్షించిన నమూనాల్లో విలక్షణమైన రేణువులు కనబడలేదు. చేతులు కడగడం, సమయం గడవడం, ఆయుధం రకం వంటి కారణాల వల్ల కూడా ఇలా జరగవచ్చు" అని రాయాలి. సాక్షి బోనులో నిలబడ్డాక పబ్లిక్ ప్రాసిక్యూటర్ "అంటే ఇతనే పేల్చాడన్నమాట?" అని అడుగుతారు. డిఫెన్స్ లాయర్ "అంటే పేల్చలేదన్నమాట?" అంటారు. ఇద్దరికీ రిపోర్టులో ఉన్న వాక్యాన్నే చదివి వినిపించండి. జడ్జి ఇంకా అడిగితే నమూనా ఎన్ని గంటల తర్వాత తీశారో, బ్లాంక్ ఏమైందో, ఎన్ని రేణువులు దొరికాయో, ఆ మనిషి వృత్తి ఏమిటో ఒక్కొక్కటిగా చెప్పండి.